పీతకు పెట్టిన పేరు

"దీనికి ఓడల కంపెనీ చైర్మన్‌గారి పేరు పెట్టాలి. అంతే!" డైరెక్టరు సీసాను బల్ల మీద ఠక్కున పెట్టాడు.

సీసాలో ఉన్నది బొటనవేలి గోరంత పీత. ఊరి చివర మడ అడవి కాలువ బురదలో దొరికింది. అంతవరకు లోకంలో ఎవరూ గుర్తించని కొత్త జాతి. దాన్ని పట్టి, కొత్తదని నిరూపించిన ఆవిడ బల్లకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ పరిశోధనశాలలో అందరూ ఆవిడను పీతల మేడం అంటారు. ఎదురుగా గౌరవంగా, వెనకాల వెటకారంగా.

"పెట్టను," అంది పీతల మేడం.

"ఏమిటీ?"

"కొత్త జాతిని కనిపెట్టి, దాని గురించి రాసినవాళ్లే పేరు పెట్టాలి సార్. అది నా హక్కు. కాలువను పూడ్చి ఓడల జెట్టీ కడతానంటున్న మనిషి పేరు, ఆ కాలువలో బతికే ప్రాణికా? కోడిపిల్లకు కసాయివాడి పేరు ఎవరైనా పెడతారా?"

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మనం కూర్చున్న ఈ భవనం ఆయన చలవేనమ్మా! జెట్టీ మీద నువ్వు పెట్టిన అభ్యంతరాలన్నీ బుట్టదాఖలయ్యాయి. పీతల కోసం ఓడలు ఆపుతామా అని అధికారులు నీ మొహం మీదే నవ్వారు. ఇంకా ఎందుకీ పంతం?"

"ఆ నవ్విన మొహాలు ఇంకా గుర్తున్నాయి కాబట్టి."

"పేరు పెట్టకపోతే రేపట్నుంచి నీకు పడవ ఇవ్వను."

"ఈదుకుంటూ పోతాను."

ఆవిడ అన్నంత పనీ చేస్తుందని డైరెక్టరుకు తెలుసు. మోకాలి లోతు బురదలో పొద్దస్తమానం నిలబడే మనిషిని దేనితో బెదిరిస్తాడు? సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

పీతల మేడం కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గి మడచెట్ల వేళ్లు బయటపడ్డాయి. ఆ బురదంతా వచ్చే ఏడాదికి మట్టికింద ఉంటుంది. ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఆయన పేరు పెట్టడానికి నాకు చెయ్యి రాదు. వాళ్లమ్మగారి పేరైతే పెడతాను."

డైరెక్టరు సంబరంగా కుర్చీలోంచి లేచాడు. పోయిన తల్లి అంటే చైర్మన్‌కు ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు. ఆయన ఓడల మీద ఆవిడ పేరే, బడి మీద ఆవిడ పేరే.

"ఒకసారి అచ్చయితే ఆ పేరు మార్చడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి," అంది పీతల మేడం.

"మార్చమని ఎవరడుగుతారు తల్లీ!" అన్నాడు డైరెక్టరు. పనైతే ఎవరైనా తల్లులే.

ఆ సంగతి విని పీతల మేడం ఇంట్లో ఆవిడ తల్లి గరిటె విసిరికొట్టింది. "వాళ్లకు లొంగిపోయావా? ఇన్నేళ్లు వెన్నెముక లేనివాటితో తిరిగి తిరిగి నీకూ లేకుండా పోయిందే! నా కడుపున ఎలా పుట్టావే నువ్వు?"

పీతల మేడానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గరిటె తీసి కడిగి, అమ్మ చేతికిచ్చింది.

వ్యాసం అచ్చయింది. చైర్మన్ పరిశోధనశాలకు వచ్చిన రోజున డైరెక్టరు హడావుడి ఇంతా అంతా కాదు. చైర్మన్ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా గాజుతొట్టి దగ్గరికి వెళ్లాడు. తొట్టిలో, అదే కాలువనుంచి తెచ్చిన బురదమీద, బతికున్న పీత ఒకటి మెల్లగా పాకుతోంది.

"పొట్టకింద ఏమిటవి?"

"గుడ్లండీ. పిల్లలయ్యేదాకా ఇలా పొట్టకు కరుచుకునే తిరుగుతుంది."

చైర్మన్ తొట్టి మీదికి వంగాడు. "మా అమ్మా అంతే. నన్ను ఒంటికి కట్టుకుని ఇటుకలు మోసింది." కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "దీన్ని నేను ఇంటికి తీసుకుపోతాను. బంగారంలా చూసుకుంటాను."

"బతకదండీ. ఇక్కడ ఎన్నోసార్లు పెంచి చూశాం. ఎంత చూసుకున్నా కొన్నాళ్లకే పోతుంది."

"మరి వీటి సంతతి? ఎక్కడెక్కడ ఉంటాయివి?"

"తీరమంతా గాలించాం. ఒక్క చోటే ఉన్నాయి. మీ జెట్టీ కట్టబోయే కాలువలో."

డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడం, అవన్నీ ఇప్పుడెందుకు..." అని నసిగాడు.

"అడిగారు కాబట్టి చెబుతున్నాను," అంది పీతల మేడం, చైర్మన్ కళ్లలోకి సూటిగా చూస్తూ. "పూడిస్తే పూడ్చండి సార్. మిమ్మల్ని ఆపే అధికారం నాకు లేదు. కానీ పేరు మాత్రం పుస్తకాల్లో ఉండిపోతుంది. దాని పక్కన 'అంతరించిపోయింది' అని నా చేత్తోనే రాస్తాను. ఎవరి చేతుల్లో అంతరించిందో అది కూడా రాస్తాను."

అంతలో చైర్మన్ జేబులో ఫోను మోగింది. అవతలి గొంతు అందరికీ వినపడేంత గట్టిగా ఉంది.

"సార్, మట్టి లారీలు కాలువ ఒడ్డుకు వచ్చేశాయి. దింపేయమంటారా?"

చైర్మన్ తొట్టివైపు చూశాడు. పీత తన గుడ్లను పొట్టకు అదుముకుని బురదలోకి దిగిపోతోంది.

"ఆపండ్రా!" అని అరిచాడు. "అక్కడ మా అమ్మ ఉంది!"