వెలుతురున్న బల్ల

అతను బేకరీ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడో లేదో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ చటుక్కున లేచింది.

సంచీ చంకన పెట్టుకుంది. సగం తాగిన టీ కప్పు చేత్తో పట్టుకుంది. అతను పలకరింపుగా నవ్వితే మొహం తిప్పేసుకుని, వెనకాల చీకటి మూలకు పోయి కూర్చుంది.

“చూశావా బాబాయ్? నన్ను చూస్తే చాలు, ఒంటిమీద తేలు పాకినట్టు లేచిపోతుంది.”

బేకరీ యజమాని ట్రేలో రొట్టెలు సర్దుతూ నవ్వాడు.

“మొదటిరోజే ఆవిడకు వాక్యం చెప్పబోయావు కదయ్యా బోధకుడా, మరి లేవదూ?”

నిజమే. అప్పటికతను మిషనరీగా దేశం కాని దేశం వచ్చిన కొత్త. వచ్చీరాని భాషలో ఆవిడ పక్కన చేరి దేవుడి సంగతి ఎత్తాడు. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు నాయనా. నాకూ ఆయనకూ మాటల్లేవు.”

ఆ పూటే ఆవిడకు మనసులో పేరు పెట్టేశాడు. ముక్కోపమ్మ.

వారమంతా అతనికి మిషన్ వాళ్ళ వృద్ధాశ్రమంలో చాకిరీ. మంచం పట్టినవాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గడ్డాలు గీయడం, జావ తాగించడం. సాయంత్రమైతే ఇల్లిల్లూ తిరిగి బోధ. తలుపు తీసేవాళ్ళకన్నా వేసేవాళ్ళే ఎక్కువ.

సోమవారం పొద్దున ఒక్క పూట సెలవు. ఆ పూట ఇంటికి ఫోను.

ఫోనంటే మాటలు కావు. వాళ్ళమ్మకు పుట్టుకతోనే వినికిడి లేదు, మాటా లేదు. తల్లీకొడుకులు ఏం చెప్పుకున్నా చేతులతోనే. ఆశ్రమంలో అతని గది నేలమాళిగలో ఉంది. అక్కడ పట్టపగలే దీపం కావాలి, సిగ్నల్ అసలే ఉండదు. ఈ బేకరీలో, ఈ కిటికీ పక్కనైతే వెలుతురంతా చేతులమీదే పడుతుంది. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి కూర్చుంటే అమ్మ ఎదురుగా ఉన్నట్టే.

“చిక్కిపోయావు,” అని అమ్మ చేతులు అనేవి.

“వారంవారం అదే మాట. ఆ లెక్కన ఈపాటికి మాయమైపోవాలి నేను.”

అమ్మ భుజాలు కదిలేలా నవ్వేది.

ఒకసారి అడిగింది. “వెనక మూల మసగ్గా ఎవరో పెద్దావిడ నీ వంకే తిరిగి కూర్చుంది, ఎవరామె?”

“ముక్కోపమ్మ. నేనంటే గిట్టదు.”

“తప్పురా, పెద్దావిడ. వెళ్ళేటప్పుడు వందనం చెప్పి వెళ్ళు.”

చెప్పాలనే అనుకునేవాడు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆవిడ ఉండేది కాదు.

ఈ సోమవారం బేకరీ కిటకిటలాడుతోంది. కిటికీ పక్క బల్ల చుట్టూ కుర్రకారు. ముక్కోపమ్మ జాడ లేదు. గత్యంతరం లేక చీకటి మూలలోనే కూర్చుని ఫోను కలిపాడు.

అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అక్కకు నొప్పులొచ్చాయి. కాన్పు కష్టమన్నారు. బావ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. ఒక్కదాన్నే ఉన్నాను, భయమేస్తోందిరా.”

“భయపడకమ్మా. నేనున్నాను.”

అమ్మ కళ్ళు చికిలించింది. “ఏమంటున్నావు? నీ చేతులు కనబడటం లేదు.”

అతను చేతులు ఫోను దగ్గరికి తెచ్చాడు. పైకెత్తాడు. అమ్మ అడ్డంగా తలూపుతూనే ఉంది.

గొంతు చించుకుని అరిచినా ఆమెకు చేరదు.

అతని అవస్థ చూసి బేకరీ ఆయన కుర్రాళ్ళ దగ్గరికి నడిచాడు.

“లేవండి అబ్బాయిలూ. ఆ బల్ల ఇతనిది.”

“రాసిచ్చేశారా ఏంటి?”

“రాసిచ్చినట్టే. లేవండి, అవతల వాళ్ళమ్మ ఏడుస్తోంది.”

కుర్రాళ్ళు కప్పులు తీసుకుని గబగబా లేచారు.

వెలుతురులోకి రాగానే అమ్మ ఊపిరి పీల్చుకుంది. అతను చేతులు ఆపలేదు. చిన్నప్పటి సంగతులు చెప్పాడు, అక్క అల్లరి గుర్తు చేశాడు, కళ్ళు మూసుకోకుండానే ప్రార్థన చేశాడు. చివరికి బావ మెసేజి అమ్మకు వచ్చింది.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

అమ్మ ఏడుస్తూ నవ్వింది. “ఆ మూల పెద్దావిడకు కూడా చెప్పు. శుభవార్త కదా.”

అతను అటు తిరిగాడు. “బాబాయ్, ఆవిడ ఇవాళ రాలేదేం?”

రొట్టె కోస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

“నీకు తెలియదూ? గురువారం నిద్రలోనే పోయిందయ్యా. నిన్న మట్టి చేశాం.”

అతను కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు.

“సోమవారమైతే నాకంటే ముందొచ్చి గుమ్మంలో నిలబడేది. ఆ బల్ల ఎవరూ పట్టకుండా, నువ్వొచ్చేదాకా కాపలా.”

“నా కోసమా? మరి పలకరిస్తే మొహం తిప్పుకునేది కదా?”

“నువ్వు కబుర్లలో పడతావని. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట కూడా తీసుకుంది. ‘ఇంటి దగ్గర తల్లి కాచుకుని ఉంటే నాతో ఏం కబుర్లు’ అనేది. వెళ్తూ వెళ్తూ, ‘కుర్రాడు ఇవాళ బాగా నవ్వాడు, వాళ్ళమ్మ కులాసాగా ఉన్నట్టే’ అని నాకు చెప్పి మరీ పోయేది.”

అతను ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా చేతుల్లో పెట్టి అమ్మకు అందించాడు.

అమ్మ రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. చాలాసేపు దించలేదు. అతనూ ఆ ఖాళీ మూలకేసి తిరిగి, ఇన్నాళ్ళూ బాకీపడ్డ వందనం చెప్పాడు.

“మనకోసం ఇంత చేసిందే, ఎవరురా ఆమె?” అని అమ్మ చేతులు అడిగాయి.

అదే ప్రశ్న అతను బేకరీ ఆయన్ని అడిగాడు.

ఆయన చేతులకంటిన పిండి తుడుచుకున్నాడు.

“ఆవిడ ఒక్కగానొక్క కొడుకూ మీ అమ్మలాగే పుట్టాడయ్యా. ఈ బొమ్మ కనబడే ఫోన్లు లేని కాలంలో పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోయాడు, అక్కడే కన్నుమూశాడు. ఇంట్లో ఫోను ఉండి కూడా, కన్నకొడుకుతో ఒక్క మాటైనా మాట్లాడుకోలేకపోయిన తల్లి ఆవిడ.”