దేవుడి చెంబు

గోదావరి గాలి వింజామరగా వాడపల్లిలో వెలసిన వేంకటేశ్వరా! మా మనస్సులకు పట్టిన గారను తుడిచి, లోపలి వెలుగును మాకు చూపుము తండ్రీ!

అటక మీద వరుసగా బోర్లించిన స్టీలు బిందెల మెరుపును బట్టి ఇల్లాలి పనితనాన్ని మెచ్చుకునే రోజులవి.

తొంభై ఆరు తుపాను వెళ్లి మూడేళ్లయింది. ముక్తేశ్వరంలో అమ్మాజీగారి గుమ్మం ముందు ఒక పాత సైకిలు ఆగింది.

“స్టీలు సామాను తోముతామండీ! ఎంత గారైనా వదలగొడతామండీ!”

“నీ పేరేంటయ్యా?”

“మత్తయండి.”

“ఏ ఊరు?”

“సముద్రం పక్కనండి. ఇప్పుడా ఊరే లేదండి అమ్మగారూ.”

అమ్మాజీగారు సామాను తెచ్చి అరుగు మీద పెట్టించారు.

మత్తయి కొబ్బరిపీచును చింతపండు పులుసులో ముంచి, ఊకబూడిద అద్దాడు. అయితే ఏ గిన్నెనైనా తోమే ముందు, దాని మీద చెక్కిన పేరును ఒకసారి తిప్పి చూస్తున్నాడు.

‘వీడి చూపే బాగోలేదు’ అనుకున్నారు అమ్మాజీగారు. పీట వేసుకొని ఎదురుగా కూర్చున్నారు.

“ఏమయ్యా, తోమడానికొచ్చావా, చదువుకోడానికొచ్చావా?”

“అలవాటండి.”

“చూపులు కట్టిపెట్టి పని చూడు. గట్టిగా రుద్దు!”

“అడ్డదిడ్డంగా రుద్దితే గీతలు పడిపోతాయండి. చుట్టూ ఒకే వాటంలో పోవాలండి. మా రూతు నేర్పిందండి.”

“మీ ఆవిడా?”

“ఆయ్. తుపాను రోజున నీళ్లకని వెళ్లిందండి. మళ్లీ రాలేదండి.”

అమ్మాజీగారి గొంతు మెత్తబడింది. లోపలికి వెళ్లి, నల్లగా గార కట్టిన ఒక స్టీలు చెంబు తెచ్చారు.

“ఇది నా వల్ల కావడం లేదయ్యా. జాగ్రత్త, దేవుడి చెంబు. తుపాను వెలిశాక, సముద్రం వైపున్న మా కొబ్బరితోట బురదలో దొరికింది. మా రాగిచెంబు కొట్టుకుపోయింది. దాని బదులు స్వామే ఇది పంపించాడు.”

మత్తయి ఆ చెంబును ఒళ్లో పెట్టుకున్నాడు. మిగిలినవాటికి పట్టినదానికి రెండింతల సేపు పట్టింది. అంచు కింద ఒకే చోట మళ్లీ మళ్లీ తన తువ్వాలుతో తుడుస్తూ ఉండిపోయాడు.

“ఇంకెంతసేపయ్యా? అరిగిపోద్ది!”

“అయిపోయిందండి.” చెంబును ఒళ్లోంచి తీయలేదు. “రోజూ దీంతోనేనాండి దేవుడికి నీళ్లు?”

“ఆఁ. అభిషేకం దీంతోనే. తీర్థమూ ఇందులోంచే.”

“అమ్మగారూ, దాహంగా ఉందండి. ఇందులో ఓ గుక్క నీళ్లు ఇప్పిస్తారాండి?”

“భలేవాడివే! దేవుడి చెంబులో నీకు నీళ్లా? దోసిలి పట్టు.”

గ్లాసుతో ఎత్తి పోశారు. మత్తయి తాగాడు. ఆ తడిచేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

చెంబును తువ్వాలులో చుట్టి, రెండు చేతులా ఆమె ముందుంచాడు.

“మంచి చోటే ఉందండి. దీనికి మాత్రం కూలి వద్దండి.”

సైకిలు గంట కాలువగట్టు మలుపులో సన్నబడిపోయింది.

అమ్మాజీగారు వెంటనే సామాను సరిచూసుకున్నారు. చెంచాతో సహా అన్నీ ఉన్నాయి. అనవసరంగా అనుమానించానే అని కొంచెం నొచ్చుకున్నారు.

ఆ తరువాత ఎన్నో ఏళ్లు, వీధిలో సైకిలు గంట వినబడితే చాలు, ఆమె ఆ చెంబు నిండా నీళ్లతో గుమ్మంలోకి వచ్చేవారు. మత్తయి మాత్రం మళ్లీ రాలేదు.

మత్తయి వచ్చి వెళ్లిన ఆనాటి సాయంత్రమే, అతడు ముట్టుకున్నాడని ఆ చెంబును పసుపునీళ్లతో శుద్ధి చేయబోతూ, మూడేళ్లుగా గార కింద దాగి ఉన్న చుక్కల అక్షరాలను ఆమె దీపం దగ్గర పట్టుకొని చదివారు: “మత్తయి, రూతుల పెళ్లికి మేనమామ కానుక.”

ఈ కథ విన్నవారి ఇంట బిందెలు నిండుగా ఉండుగాక! దాహంతో వచ్చినవారికి చెంబెడు నీళ్లిచ్చే చేయి ఏనాడూ వెనుకాడకుండుగాక! స్వస్తి.