రోజూ అడిగే నోట్సు

"ఏదీ, నోట్సు ఇటివ్వు."

క్లాసులోకి వస్తూనే గోపాలకృష్ణయ్య మాస్టారు చెయ్యి చాపారు. దేవిక తల దించుకుని పుస్తకం అందించింది. వెనక బెంచీల్లో కిసకిసలు. ఇంటర్ రెండో ఏడాదిలో ఇంతమంది ఉండగా చరిత్ర మాస్టారికి రోజూ తనొక్కతే దొరుకుతుంది.

ఆయన నిలబడే నిన్న రాసిన పేజీలన్నీ చదివారు.

"ఏందమ్మా ఇది? నేనన్న ప్రతి ముక్కా రాస్తే ఎట్టా? ముందు విను. అర్థమైంది నీ మాటల్లో రాయి. మార్జిన్‌లో ప్రశ్నలు వేసుకో. ఆఖర్న పాఠం ఎక్కడ ఆపామో రాయి. అది మాత్రం మర్చిపోమాక."

"సరే సార్."

పుస్తకం తిరిగిచ్చి పాఠం అందుకున్నారు.

ఇంటికెళ్లి దేవిక ఏడ్చేది. "అందర్నీ వదిలేసి నా మీదే పడతాడేందమ్మా?"

"నువ్వు బాగుపడతావనేలే" అనేది పత్తిమిల్లు నుంచి అప్పుడే వచ్చిన తల్లి చెన్నమ్మ, చీరకంటిన దూది దులుపుకుంటూ.

రోషంతోనే దేవిక నేర్చుకుంది. సాయంత్రం కాగానే రాసింది మళ్లీ చదివి, వదిలేసినవి నింపేది. దసరా నాటికి క్లాసంతా ఆమె నోట్సే జిరాక్స్ తీయించుకుంది. చరిత్రలో మొదటి మార్కూ ఆమెదే. అయినా మాస్టారు పుస్తకం అడగటం మానలేదు. బాగుందని ఒక్కనాడూ అనలేదు.

మధ్యలో జ్వరమొచ్చి దేవిక కాలేజీకి పోలేదు. తిరిగి వెళ్లేసరికి మాస్టారు లేరు.

"నువ్వు రాని రోజు సారు బోర్డు ముందు చానాసేపు నిలబడ్డారే" అంది బెంచీలో పక్కన కూర్చునే భావన. "ఏం చెప్పకుండానే వెళ్లిపోయారు. ఉద్యోగం మానేశారంట."

తన మీద కోపమొచ్చిందేమోనని దేవికకు మనసు పీకింది. ఆదివారం వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసిన మాస్టారి భార్య మహాలక్ష్మమ్మ, పేరు వినగానే ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా తల్లీ? రోజూ నీ పేరు చెప్పి మరీ ఆయన్ని కాలేజీకి పంపేదాన్ని."

"సార్‌ని మళ్లీ రమ్మనండమ్మా. ఆయన నా తప్పులు పట్టబట్టే నాకు చదువొచ్చింది. ఇప్పుడు నా నోట్సు ఎవరు చూస్తారు?"

మహాలక్ష్మమ్మ లోపలి గది వైపు చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"ముందురోజు ఏం చెప్పారో గుర్తుండక చూసుకునేవారమ్మా."