అంటుకోని దగ్గు

ముసలాయన రెండోసారి దగ్గగానే రొసాల్బా ఒళ్ళోని ఉన్ని టోపీ మీద చెయ్యి కప్పింది.

టోపీలో ఫూమో ఉన్నాడు. మూరెడు పొడవు, ముంగిసలా సాగే ఒళ్ళు, మసి పూసినట్టుండే మూతి. నాలుగేళ్ళ ఫెరెట్. టోపీ ఆమె భర్త సారోది. సారో ఫిబ్రవరిలో పోయాడు.

"ఆ దగ్గు వీడికి అంటుకుంటుందా వదినా?" అంది పక్కనే కూర్చున్న ఆడపడుచు నున్సియా.

"మనుషుల జలుబు వీటికి ఇట్టే అంటుకుంటుంది. జలుబు చేస్తే మీ అన్నయ్య మూడు రోజులు వీణ్ణి ముట్టుకునేవాడు కాదు."

నున్సియా ముసలాయన వైపు తిరిగింది.

"ఏం తాతా, విన్నావా?"

పశువైద్యశాల ముందుగదిలో ఉన్నది ఆ ముగ్గురే. ఆయన చివరి కుర్చీలో, ముతక కోటు బొత్తాలు గొంతుదాకా పెట్టుకుని కూర్చున్నాడు. బూట్లకు పొలం మట్టి.

"ఇది అంటుకునే దగ్గు కాదమ్మా. గంధకం గనిలో ఇరవై రెండేళ్ళు చేశాను. అప్పట్నుంచీ ఇంతే."

"ఎవర్నడిగినా తమది అంటుకోదనే అంటారు."

"డాక్టరమ్మే రమ్మంది. నేను..."

"ఆవిడ ఊరందర్నీ రమ్మంటుంది. వాసన చూశావా వదినా? కుందేళ్ళ వేటగాడు. వీళ్ళు ఫెరెట్ల మూతులు కట్టేసి, కుందేళ్ళని బయటికి తరమడానికి బొరియల్లోకి తోలతారు."

"కట్టకపోతే కుందేల్ని లోపలే తినేసి అక్కడే నిద్రపోతాయి తల్లీ," అని ముసలాయన నవ్వబోయి దగ్గాడు.

రొసాల్బా గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు అది. పెంచే అవసరం ఎప్పుడూ రాలేదు.

"అయ్యా, నాకు మిగిలింది వీడొక్కడే. దయచేసి రోడ్డుకి అవతల కూర్చోండి. మా పని అయ్యాక నేనే పిలుస్తాను."

ఆయన లేచి, టోపీలోకి తొంగి చూశాడు.

"బాగా చిక్కిపోయాడు."

"దగ్గు చాలదని దిష్టి కూడానా?" అంది నున్సియా.

ఆయన ఒక చెయ్యి కోటు మీదుగా పొట్టకి ఆనించుకుని, రెండో చేత్తో తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

"కడుపునొప్పి కూడా ఉన్నట్టుంది."

ఆ మాటకి రొసాల్బా నవ్వింది. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి.

పది గంటలకు డాక్టర్ సైత్తా వాళ్ళను వెనకగదిలోకి పిలిచింది.

"మూత్రపిండం పైన గడ్డ. పెద్ద రక్తనాళానికి అంటుకుని ఉంది. కోస్తే రక్తం పోతుంది. వీడి ఒంట్లో ఉన్నదే తక్కువ."

"కోయకపోతే?"

"పది రోజులు. చివరి రెండు రోజులూ మీరు చూడలేరు."

"కోస్తే?"

"ఇంకో ఫెరెట్ రక్తం ఎక్కిస్తే సగానికి సగం ఆశ. మనకున్నట్టు వీటికి రక్తంలో రకాల్లేవు. ఎవరిది ఎవరికైనా సరిపోతుంది. ఒకదాన్ని పదిన్నరకి తెస్తామన్నారు. చూద్దాం."

పదిన్నర అయింది. పదకొండు దాటింది.

డాక్టర్ రెండుసార్లు ఫోన్ చేసింది. "ఇంట్లో మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు," అంది.

రొసాల్బా ముందుగది కిటికీ దగ్గర నిలబడింది. బోను పట్టుకుని కారు దిగే మనిషి కోసం చూసింది. రోడ్డవతల రాతిగోడ మీద ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"ఇంకా అక్కడే ఉన్నాడే!"

"పిలుస్తానన్నానుగా," అంది రొసాల్బా. "ముందు మన పని కానీ."

పన్నెండుకు డాక్టర్ గుమ్మంలో నిలబడింది.

"ఇంకా ఆగితే మత్తుకు కూడా తట్టుకోడు. రక్తం లేకుండానే చెయ్యమంటే చేస్తాను. పదిలో రెండు పాళ్ళు."

"ఇంటికి పోదాం వదినా. పది రోజులైనా పది రోజులే కదా."

రొసాల్బా ఫూమో చెవి వెనక వేలితో రాసింది. వాడు కళ్ళు తెరవకుండానే వేలిని నాకాడు.

"సారోకి ఆపరేషన్ వద్దన్నది నేనే," అంది. "వీడికి చెయ్యండి."

ఒంటిగంటకు డాక్టర్ వచ్చింది. చేతి తొడుగులు అప్పటికే తీసేసింది.

"గడ్డ తీసేశాను. రక్తం ఆగలేదు. ఎక్కించడానికి రెండు చెంచాలుంటే నిలిచేవాడు."

"తెస్తామని మాటిచ్చి ఎగ్గొట్టిన వాళ్ళకి పుట్టగతులుంటాయా?" అంది నున్సియా.

"ఆయన మాట తప్పే మనిషి కాదు," అంది డాక్టర్. "ఏమైందో."

టోపీని రెండు చేతులా పట్టుకుని రొసాల్బా బయటికి నడిచింది. ఎండ నడినెత్తిన ఉంది.

రోడ్డవతల ముసలాయన గోడ మీంచి దిగాడు. పంతులమ్మ గదిలోకి రాగానే లేచే పిల్లవాడిలా నిటారుగా నిలబడ్డాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మీరు పిలుస్తారని ఇక్కణ్ణుంచి కదల్లేదమ్మా. ఇప్పుడు లోపలికి రావచ్చా?"

 ఆయన ఆమె చేతుల్లోని టోపీని ఇంకా సరిగ్గా చూడలేదు. కోటు పై బొత్తాలు రెండు విప్పాడు. మసి పూసినట్టున్న మూతి ఒకటి బయటికొచ్చి గాలి వాసన చూసింది.

"వీడూ మీవాడూ ఒకే ఈత పిల్లలు, ఆనాడు సారోకి మీవాణ్ణి ఇచ్చింది నేనే," అన్నాడాయన. "వీడి అన్నకి రక్తమియ్యాలని డాక్టరమ్మ ఫోన్ చేస్తే, పొద్దుట్నుంచీ మేత కూడా పెట్టకుండా తెచ్చాను."