చుక్కమ్మ వాటా

ఏటి ఒడ్డున నీటికుక్కలు కలిసి వేటాడి చేపలు పంచుకునేవి. వాటిలో చుక్కమ్మ కొడుక్కి పుట్టుకతోనే మింగడం కష్టం. చేపను మెత్తగా నమిలి, వీపు నిమురుతూ కొద్దికొద్దిగా పెట్టాలి. అందుకని చుక్కమ్మ వేట మానేసింది.

"వేటకు రాకుంటే వాటా లేదు. పిల్లాణ్ణి ఒడ్డునుండే కొంగ చూసుకుంటుంది, దానికి రోజూ ఒక చేప ఇద్దాం," అన్నాడు గుంపు పెద్ద.

చుక్కమ్మ వేటకెళ్లింది. కొంగ పెట్టిన ముద్ద అడ్డుపడి పిల్లాడు ఊపిరాడక గిలగిల్లాడాడు. కొంగ అరుపు విని చుక్కమ్మ ఈదుకొచ్చి, ముద్ద కక్కించి బతికించుకుంది.

"ఇక నేను కదలను. కొంగకిచ్చే చేప నాకివ్వండి," అంది పెద్దతో.

"కన్నబిడ్డను సాకడానికి కూలా?"

"కొంగ చేస్తే పని, నేను చేస్తే కాదా? నేను పస్తులుంటే వీణ్ణెవరు బతికిస్తారు?"

సాయంత్రం పెద్ద తనే ఒక చేప తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రేపూ తేవాలి," అంది చుక్కమ్మ, తినడం మొదలుపెడుతూ.