మెట్టు కింద

“ఆ ఒక్క వాక్యం తీసేయండి మాస్టారూ,” అంది కెప్టెన్.

పరీక్షాధికారి కలం ఆపలేదు. ఇద్దరూ నకిలీ కాక్‌పిట్ ఉన్న సిమ్యులేటర్ గదిలోంచి బయటికొచ్చి పది నిమిషాలైంది. ఆయన రాస్తున్నది చిన్న వాక్యమే. హద్దు కిందికి నూట యాభై అడుగులు, పదకొండు సెకన్లు.

ఈ పరీక్ష ఆమెకు రెండోసారి. ఈసారీ తప్పితే ఎడమ సీటు పోతుంది. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ కో-పైలట్‌గా కుడివైపు కూర్చోవాలి. మా పెద్దది కెప్టెనని వీధి వీధంతా చెప్పుకున్న అమ్మకి ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

పైలట్లు ఆయన్ని మెట్ల మాస్టారంటారు. విమానాశ్రయం చుట్టూ కంట్రోల్ టవర్ అధీనంలో ఉండే ఆకాశానికి అడుగుభాగం మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆ మెట్లే హద్దు; దిగే విమానం వాటికి పైనే ఉండాలి. మెట్ల కింద ఇంజను లేని గ్లైడర్లు ఎవరికీ చెప్పకుండా తిరగొచ్చు. రన్‌వేని కంటితో చూసుకుంటూ దిగేటప్పుడు ఎంతటి పైలట్ అయినా చేసే తప్పు ఒకటే. కళ్ళు రన్‌వేకి అతుక్కుపోతాయి, మెట్టు గుర్తుండదు. మాస్టారు ఇంట్లో మెట్లు కూడా లెక్కపెట్టుకునే దిగుతాడని క్యాంటీన్‌లో నవ్వుకునేవాళ్ళు.

తెర మీద ఎండ కాస్తోందనీ, ఆకాశం ఖాళీగా ఉందనీ ఆమె వాదించింది.

“ఖాళీ అని ఎవరు చెప్పారమ్మా?”

“కనిపించింది కదా.”

“కనిపించింది రన్‌వే.”

ఆమెకు ఒళ్ళు మండింది. “ముప్పై ఏళ్ళు నడిపారు. మీరు ఒక్కసారి కూడా మెట్టు కిందికి దిగలేదా?”

ఆయన బల్ల మీది ఫొటో ఫ్రేము కాస్త జరిపి, కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆ ఫ్రేము ఎప్పుడూ ఎదుటి కుర్చీ వైపే తిరిగి ఉంటుంది. ఇరవై ఏళ్ళ అమ్మాయి, తెల్ల గ్లైడర్ రెక్క మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడక్కుండానే, పోయిన కూతురనుకుని, అందరూ ఆయన మీద జాలిపడేవాళ్ళు.

ఈ రోజు ఆమె అడిగింది.

“వాళ్ళమ్మ ఇచ్చింది ఈ ఫొటో. బల్ల మీద పెట్టుకోమంది,” అన్నాడాయన.

తర్వాత నెమ్మదిగా, పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఇలాంటి ఎండలోనే ఆ పిల్ల మెట్టు కింద తన దారిన తాను ఎగురుతోంది. ఒక ప్రయాణికుల విమానం మెట్టు కిందికి వచ్చింది. గ్లైడర్‌కి తగల్లేదు. దాని వెనకాల లేచిన గాలి సుడికి గ్లైడర్ రెక్క విరిగింది, పిల్ల దక్కలేదు. విమానం మాత్రం సాఫీగా దిగింది. ప్రయాణికులు పైలట్‌కి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళారు.

“ఎంత కిందికి వచ్చింది మాస్టారూ?”

“నూట యాభై అడుగులు.”

ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“ఆ పైలట్‌ని క్షమించారా?”

“వాళ్ళమ్మ క్షమించింది.”

దుమ్ము లేకపోయినా ఆయన ఫ్రేము అద్దం చేత్తో తుడిచి, మళ్ళీ ఎదుటి కుర్చీ వైపే తిప్పి పెట్టాడు.

“ఇందాక మీరొకటి అడిగారు. నేను బదులు చెప్పలేదు,” అన్నాడు.

ఆమె తలుపు మీద చెయ్యి తీయకుండా చూసింది.

“ఒక్కసారి దిగాను.”