గడప దేవుడు

"ఏడు సంతకాలే వచ్చాయట! మన ఇల్లు మనదే!" కిట్ ఆరంతస్తులూ పరుగున ఎక్కి వచ్చాడు.

హాంకాంగ్‌లోని ఆ పాత మేడలో పది ఇళ్ళు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు అమ్ముతామని సంతకం పెడితే, మిగతా రెండూ కోర్టుచేత అమ్మించి బిల్డరు మేడ కూల్చేస్తాడు.

పెళ్ళై నెలైనా కాని అతని భార్య సూలింగ్ గబగబా నారింజలు తెచ్చింది. "మన మూడిళ్ళూ గట్టిగా నిలబడ్డాయి బాబాయ్!"

వాళ్ళింట్లో కూర్చున్న ఎదురింటి తామ్ బాబాయ్ నారింజ ముట్టలేదు. "గోడకి పచ్చరంగు కొన్నావటగా. తొందరేముందమ్మా, ఆగరాదూ?"

"ఇంకా ఆగడమా!" నవ్వుతూ సూలింగ్ ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆ ఇంటిని కాచే గడప దేవుడికీ ఒక పండు పెట్టబోయింది.

దేవుడు లేడు. అగరొత్తుల గిన్నె లేదు. పొగచూరిన గోడమీద జానెడు తెల్లమచ్చ. ఇల్లు వదిలేవాళ్ళే ఆ దేవుణ్ణి తీస్తారు.

వెనక్కి వచ్చింది. "ఎనిమిదో సంతకం మీదా, బాబాయ్?"

"ఇవాళ పొద్దున్నే పెట్టానమ్మా. మోకాళ్ళు ఈ మెట్లు ఎక్కనంటున్నాయి."

కిట్ గోడకి చేరగిలబడ్డాడు.

సూలింగ్ పండు ఆయన చేతిలో పెట్టింది. "దేవుణ్ణి ఎక్కడ దాచారో అక్కడే ఆయనకి ఈ పండు పెట్టండి. కిట్, రేపు పొద్దున్నే రంగు వేస్తున్నాం. కూల్చేవాళ్ళు పచ్చగోడనే కూల్చనీ."